గ్వాటెమాలా బ్యాక్‌ప్యాకింగ్, రెండు వారాలు: ప్లాన్ చూసి చెప్పండి ప్లీజ్

గోదారి_గాలి (డల్లాస్)
నమస్తే అందరికీ. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. జనవరిలో రెండు వారాలు సెలవు పెట్టి రూమ్మేటూ నేనూ మధ్య అమెరికాలోని గ్వాటెమాలా పోదామని అనుకుంటున్నాం, వీపున ఒక సంచి తప్ప ఏమీ మొయ్యకుండా, హాస్టళ్లలో ఉంటూ, వీలైనంత లోకల్ బస్సుల్లో తిరుగుతూ. మాయా అని అక్కడి పాత జాతివాళ్ల క్యాలెండర్ చూపించి 2012లో ప్రపంచం అయిపోతుందని టీవీల్లో ఊదరగొట్టారు చూడండి, నాకు మాయా పిచ్చి అప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు. ప్లాన్ ఇదీ: గ్వాటెమాలా సిటీలో దిగి ఆంటిగ్వా, అకతెనాంగో అగ్నిపర్వతం ఎక్కడం, అటిట్లాన్ సరస్సు, చిచికాస్తెనాంగో సంత, సెముక్ చాంపే నీటి మడుగులు, టికాల్ అనే పాత మాయా నగరం, ఎల్ మిరడోర్ శిథిలాలకి అడవి ట్రెక్, అట్నుంచి అటే బెలీజ్‌లోకి దాటి బీచ్, తిరిగొచ్చేటప్పుడు హోండురాస్‌లో కొపాన్ శిథిలాలు. నేను పక్కా వెజ్, రూమ్మేటు అన్నీ తింటుంది. ఇద్దరం హెచ్1బీ (అమెరికా వర్క్ వీసా). శాన్ సాల్వడార్ మీదుగా టికెట్ బాగా చీప్‌గా వస్తోంది, కొనెయ్యమంటారా?

నల్లమల_నడక
తమ్ముడూ, మ్యాప్ చూసి ప్లాన్ వేశావు గానీ రోడ్డు చూసి వెయ్యలేదు. గ్వాటెమాలా మన తెలంగాణ కంటే కాస్త చిన్నదే, 1,08,889 చదరపు కిలోమీటర్లు, అలాగని పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి ఆ చివర తేలతాననుకోకు. సగం దేశం కొండలే. ఆంటిగ్వాలో తెల్లారి షటిల్ వ్యాన్ ఎక్కితే సెముక్ చాంపే పక్కనున్న లాంకీన్‌లో దిగేసరికి చీకటి పడుతుంది. లాంకీన్ నుంచి టికాల్ దగ్గరి ఫ్లోరెస్‌కి మళ్లీ ఇంకో పగలు మొత్తం పోతుంది, నేను వెళ్లినప్పుడు సాయశ్చే అనే ఊరి దగ్గర వ్యానుని పంటు మీదకెక్కించి నది దాటించారు, లైన్లో ముందు లారీలుంటే అంతే సంగతులు, దిగి మామిడికాయ ముక్కలు కొనుక్కుని తింటూ కూర్చోవడమే.

ఎల్ మిరడోర్ ఊసు ఇప్పుడు ఎత్తకు. కార్మెలిటా అనే పల్లె నుంచి అడవిలో నడిచి వెళ్లి రావాలంటేనే ఐదు రోజులు కావాలి, సామాను కంచరగాడిదల మీద, రాత్రులు గుడారాల్లో, జనవరిలో దారి బురద ఇంకా ఆరి ఉండకపోవచ్చు. లా దాంతా అనే కట్టడం 72 మీటర్లు, చూడాల్సిందే, కాదనను, కానీ దానికోసం విడిగా రావాలి. బెలీజు, కొపాను రెండూ కొట్టెయ్. ఉన్న రెండు వారాలు గ్వాటెమాలాకే ఇవ్వు, అదీ చాలదు.

గోదారి_గాలి
అన్నా, తమ్ముడు కాదు చెల్లి 😄. పంటు అంటే నాకు కొత్త కాదులే, మాది కోనసీమే. మరీ అన్ని గంటలా? గూగుల్ మ్యాప్స్‌లో లాంకీన్ ఆరున్నర గంటలే చూపిస్తోందే?

నల్లమల_నడక
సారీ చెల్లీ. ఆ ఆరున్నర గంటలు గూగుల్ వాడికి, నీకు కాదు. మధ్యలో టిఫినుకు ఆపుతాడు, ఎక్కడో రోడ్డు తవ్వి ఉంటుంది, సంత రోజైతే ఊరి మధ్యలో ట్రాఫిక్కు.

హైవే75_బాబాయి (ప్లేనో)
అమ్మా, రూట్ల సంగతి తర్వాత, ముందు ఇద్దరూ పాస్‌పోర్టులు తెరిచి అమెరికా వీసా స్టాంపు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టుకి గ్వాటెమాలా వీసా కావాలి, కాకపోతే చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, షెంగెన్ వీసా ఉంటే దాంతోనే రానిస్తున్నారు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి వాళ్ల కాన్సులేటుకి ఒక మెయిల్ కొట్టి జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి, ఎయిర్‌లైన్స్ కౌంటర్లో పిల్లలకి ఇవి తెలీవు, నిలబెట్టేస్తారు.

రెండోది శాన్ సాల్వడార్ టికెట్. కొనకండి ఇంకా. 2023 అక్టోబరులో ఎల్ సాల్వడార్ వాళ్లు ఇండియాతో పాటు 50కి పైగా ఆఫ్రికా దేశాల పాస్‌పోర్టుల మీద 1,130 డాలర్ల ఫీజు పెట్టారు, విమానం మారడానికి దిగినవాళ్లని కూడా వదల్లేదు. మీకు వర్తిస్తుందో లేదో ఎయిర్‌లైన్స్ నుంచి రాతలో తెచ్చుకుంటే తప్ప ఆ రూటు జోలికి పోవద్దు. డల్లాస్ నుంచి గ్వాటెమాలా సిటీకి నేరుగా విమానముంది, నాలుగు గంటల లోపే. వంద డాలర్లు ఎక్కువైనా అదే చీప్.

గోదారి_గాలి
బాబాయి గారూ దండం. నా స్టాంపు 2027 దాకా ఉంది. రూమ్మేటుది పోయిన మార్చిలోనే అయిపోయింది, కొత్త ఐ-797 (హెచ్1బీ అప్రూవల్ కాగితం) మాత్రం చేతిలో ఉంది. తను ఆ తర్వాత టొరంటో అలాగే వెళ్లొచ్చింది కదా, దీనికీ పర్లేదు కదా?

హైవే75_బాబాయి (ప్లేనో)
లేదమ్మా, చాలా మంది ఇక్కడే బోల్తా పడతారు. స్టాంపు అయిపోయినా ఐ-797, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన ఎంట్రీ రికార్డు)తో తిరిగి రానిచ్చే వెసులుబాటు హెచ్1బీ వాళ్లకి కెనడా, మెక్సికోలకి మాత్రమే, అదీ 30 రోజుల లోపు. గ్వాటెమాలాకి లేదు. అక్కడికెళ్తే కొత్త స్టాంపు లేకుండా వెనక్కి విమానమే ఎక్కనివ్వరు. అసలు అమెరికా వీసా లేకుండా గ్వాటెమాలా వాళ్లే రానివ్వకపోవచ్చు. ఆ అమ్మాయిని ఆపండి. మాయా ఊళ్లే చూడాలంటే మెక్సికోలో పాలెంకే, ఉష్మల్, చిచెన్ ఇట్సా ఉన్నాయి, తనకి అవి నయం, మెక్సికో వీసా సంగతి మాత్రం చూసుకోమనండి.

సీమ_మిరప
బాబాయి ఒక్క పోస్టుతో రెండు టికెట్ల డబ్బులు మిగిల్చినాడు 👏

గోదారి_గాలి
రూమ్మేటు ఏడుపు ముఖం పెట్టింది. ఇప్పుడు నేనొక్కదాన్నే అవుతా. ఆగిపోనా, వెళ్లనా? అమ్మకి చెప్తే సగం రాత్రి ఫోన్లే. ఒంటరిగా వెళ్లిన ఆడపిల్లలెవరైనా ఉంటే కాస్త నిజం చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల
వెళ్లు. నేను ఒక్కదాన్నే వెళ్లిన, కెట్సాల్తెనాంగోల ఒక స్పానిష్ బడిల చేరి అక్కడే ఒకామె ఇంట్ల ఉండి చదువుకున్న. ఆ ఊరిని అందరూ షెలా అంటరు, బస్సు అద్దం మీద కూడ అదే రాసి ఉంటది. 2,330 మీటర్ల ఎత్తుల ఉంటది, రాత్రి గజగజ వణుకుడే. ఒక్కరు ఒక్కరికే చెప్పే క్లాసులు, అమెరికాల గంటకి కాఫీకి పెట్టే డబ్బులకి అక్కడ గంట చదువు వస్తది. నీకు రెండు వారాలే ఉన్నయి కాబట్టి ఆంటిగ్వాలనో, అటిట్లాన్ ఒడ్డున సాన్ పెడ్రోలనో నాలుగు పూటలన్న క్లాసులు పెట్టుకో, ముందు అంకెలు, ధరలు, దారి అడుగుడు నేర్చుకో. మిగిలిన ట్రిప్ అంతా దాని మీద నడుస్తది.

సేఫ్టీ విషయం ఉన్నదున్నట్టు చెప్త. గ్వాటెమాలా సిటీల కొన్ని జోన్లు బాగలేవు, దిగంగనే ఆంటిగ్వా పో, గంట గంటన్నర దూరమే. చీకటి పడ్డంక రోడ్డు ప్రయాణం పెట్టుకోకు. అటిట్లాన్ చుట్టూ ఊరు నుంచి ఊరికి కాలిబాటలుంటయి, మస్తుగుంటయి, గానీ కొన్నిట్ల దొంగతనాలైతయి, హాస్టల్ వాళ్లని అడగకుండా ఒక్కదానివే దిగకు, లోకల్ మనిషిని పెట్టుకుని పో. కమియోనేటాలు అని రంగురంగుల బస్సులుంటయి, అమెరికా స్కూలు బస్సులే పాతబడ్డంక ఇక్కడికొచ్చి క్రోము, లైట్లు, దేవుని బొమ్మలు పెట్టించుకుని తిరుగుతయి, ఇద్దరి సీట్ల ముగ్గురు కూసుంటరు. పగటి పూట దగ్గరి ఊళ్లకు ఎక్కు, సంచి పైకెక్కిస్తరు, పైసలు పాస్‌పోర్టు మాత్రం ఒంటి మీదనే ఉండాలె. నాకు ఎవ్వలూ ఏం చెయ్యలే, అట్లని ఏం జరగదని గ్యారంటీ ఇయ్యలేను.

పెద్ద_కోరిక
ఇంకో మాట. ఏటీఎం వాడితే బ్యాంకు లోపలున్నదే వాడండి. నేను ఒక ఊళ్లో బజారులోని మెషీన్ వాడాను, వారం తర్వాత ఎవరో నా కార్డుతో షాపింగ్ చేశారు. డబ్బు తిరిగొచ్చింది గానీ ట్రిప్ సగం ఫోన్లలోనే పోయింది.

కంది_పొడి
వెజ్ వాళ్లకి భయపడాల్సినంత లేదు గానీ అడగడం తెలియాలి. "మాంసం వద్దు" అంటే కోడి పెడతారు, వాళ్ల లెక్కలో కోడి మాంసం కాదు. సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ హమోన్ (మాంసం, కోడి, పంది హ్యామ్ లేకుండా) అని మూడూ వరసగా చెప్పండి. నల్ల బీన్స్ ప్రతి పూటా ఉంటాయి, మెత్తగా మెదిపి వేయించేది కొన్ని చోట్ల పంది కొవ్వుతో, అందుకని "మాన్‌తేకా ఉందా" అని అడగాలి. ఉదయం బీన్స్, గుడ్డు (తినకపోతే వద్దనండి), వేయించిన అరటిపండు, చీజు, పక్కన గుడ్డలో చుట్టిన వేడి తోర్తియాలు. మధ్యాహ్నం కోమెదోర్ అని చిన్న హోటళ్లు, అక్కడ సూపు, అన్నం, కూరగాయలు దొరుకుతాయి. గ్విస్కిల్ అని ఒకటి పెడతారు, చూస్తే మన బెంగళూరు వంకాయే, అసలు దాని పుట్టిల్లే మెక్సికో, గ్వాటెమాలా వైపు. సాయంత్రం రెయెనీతోస్ తినండి, పండు అరటికాయని ఉడికించి మెదిపి లోపల తియ్యటి నల్ల బీన్స్ పెట్టి వేయిస్తారు, వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ రెండు ఎక్కువే తింటారు.

తోర్తియా సంగతి ఇంకాస్త చెప్పాలి. మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్లలో ఉడకబెట్టి రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున పొట్టు కడిగేసి రుబ్బుతారు. పల్లెల్లో తెల్లారుజామునే ఆడవాళ్లు నెత్తిన ప్లాస్టిక్ తొట్లు పెట్టుకుని పిండి మిల్లుకి పోతుంటారు, ఆ మిల్లు చప్పుడుకే మీకు మెలకువొస్తుంది. తర్వాత పెనం పక్కన నిలబడి మన జొన్నరొట్టె తట్టినట్టే రెండు చేతుల మధ్య తడతారు, పీట కూడా ఉండదు. ఆ సున్నం వల్లే మొక్కజొన్నలోని నయాసిన్ విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్న పట్టుకెళ్లి సున్నం సంగతి వదిలేశారు, అదే తిని బతికిన పేదలకి పెల్లాగ్రా జబ్బు వచ్చింది.

పచ్చళ్లు మోసుకెళ్లకండి, సంచిలో పగిలితే అంతే. కోబానేరో అని ఎండు మిరప పొడి అక్కడే దొరుకుతుంది, పొగ వాసనతో, సరిపోతుంది.

సీమ_మిరప
కోబానేరో బాగానే ఉంటాది గానీ మన కారం ముందర చాలదప్పా. ఇంటి నుంచి ఒక చిన్న పొట్లం పెట్టుకో చెల్లీ, పొడికి బరువేముంది.

రాళ్లు_రప్పలు
నా ఓటు మొత్తం టికాల్‌కే. అదీ పొద్దున వ్యానులో వచ్చి మధ్యాహ్నం పోయే టూర్ కాదు, పార్కు లోపల రెండు మూడు హోటళ్లున్నాయి, ఒక రాత్రి అక్కడే ఉండండి. విదేశీయులకి టికెట్ 150 కెట్సాల్ (అక్కడి డబ్బు), సూర్యోదయానికి లోపలికి వెళ్లాలంటే ఇంకో 100, గైడు తప్పనిసరి (నేను వెళ్లినప్పటి రేట్లు). కానీ జనవరిలో తెల్లారుజామున అడవంతా పొగమంచే, సూర్యుడి కోసం వంద ఇచ్చి తెల్లటి గోడ చూసి వస్తారు. సాయంత్రం మేలు. నాలుగో గుడి 65 మీటర్ల పైచిలుకు, క్రీ.శ. 741 ప్రాంతంలో కట్టింది, పక్కన చెక్క మెట్లున్నాయి. పైన కూర్చుంటే చుట్టూ కనుచూపు మేర చెట్ల తలలు, వాటిలోంచి మిగతా గుళ్ల శిఖరాలు పొడుచుకొచ్చి ఉంటాయి. హౌలర్ కోతులు అరుస్తుంటే మొదటిసారి విన్నవాళ్లు పులి అనుకుంటారు.

పెద్ద చౌకులో మొదటి గుడి 47 మీటర్లు, దాన్ని ఎక్కనివ్వరు. హసౌ చాన్ కవీల్ రాజు సమాధి దాని కింద దొరికింది, 682లో గద్దెనెక్కి 695లో ఆజన్మ శత్రువైన కలాక్‌ముల్ నగరాన్ని కొట్టినవాడు. దానికి ముందు వందేళ్లకు పైగా టికాల్ చితికిపోయి ఉంది, ఒక్క తేదీ చెక్కిన రాయి కూడా ఆ కాలానిది నిలబడి లేదు. 2018లో విమానం నుంచి లేజర్ కొట్టి టికాల్ ఉన్న పెటెన్ అడవి స్కాన్ చేస్తే 60,000కి పైగా కట్టడాలు బయటపడ్డాయి, ఇళ్లు, కాలవలు, కోటగోడలు, ఎత్తు రోడ్లు. మనకు కనిపించే గుళ్లు అందులో పిసరంత. అక్కడికి దగ్గర్లోనే యాష్‌హా అనే మాయా శిథిలాలు కూడా చూడండి, జనం ఉండరు.

అటిట్లాన్, చిచికాస్తెనాంగో లాంటివి నా లెక్కలో టైమ్ వేస్టు. మాయా వాళ్లు వెయ్యేళ్ల కిందటే అంతరించిపోయారు, ఇప్పుడు ఊళ్లలో కనిపించేదంతా టూరిస్టుల కోసం వేసే వేషం. అసలు సరుకు అడవిలో ఉంది.

ఓరుగల్లు_పిల్ల
అన్నా, టికాల్ గురించి మంచిగ రాసినవ్, కడుపు నిండింది. చివరి పేరా మాత్రం నాకు ఎక్కలే. అంతరించింది ఆ నగరాల రాజరికం, మనుషులు కాదు. 2018 జనగణనల దేశంల 41.7 శాతం మంది మేము మాయా అని రాయించుకున్నరు, 60 లక్షల పైమాటే. 22 మాయా భాషలు ఇయ్యాల్టికీ ఇండ్లల్ల మాట్లాడుతున్నరు, కిచె, కెచ్చీ, కక్చికెల్, మామ్, త్సుతుహిల్, ఇట్ల. నువ్వు టికాల్ పోయేటప్పుడు ఉండే ఫ్లోరెస్ ఊరు ఉన్నది గదా, అది ఇట్సా మాయాల రాజధాని మీదనే ఉన్నది, స్పెయిన్ వాళ్లకి అది 1697 దాక లొంగలే. వెయ్యేండ్ల కింద పోయినోళ్లు అప్పుడెట్ల కొట్లాడిన్రు?

నేను ఉన్న ఇంట్ల ముసలామె 260 రోజుల లెక్కనే చూసుకునేది, 20 రోజుల పేర్లు, 13 అంకెలు కలిసి తిరుగుతయి. మనుమరాలు పుట్టిన రోజు పేరేందో అడిగేటందుకు లెక్క చెప్పే పెద్దాయన దగ్గరికి పోయింది. అక్కడ నన్ను తప్ప టూరిస్టు ఎవ్వలూ లేరు, ఎవరికోసం వేషం?

ఇంకోటి. 1960 నుంచి 1996 దాక అక్కడ అంతర్యుద్ధం నడిచింది. రెండు లక్షల మంది చచ్చిపోయిన్రు లేకుంటే మాయమైన్రు, గుర్తుపట్టిన మృతులల్ల 83 శాతం మాయా వాళ్లే అని 1999ల నిజనిర్ధారణ కమిషన్ రాసింది. అటిట్లాన్ ఒడ్డున సాన్తియాగో అనే ఊర్ల 1990 డిసెంబరుల సైన్యం జనం మీద కాల్చింది, ఊరంతా ఒక్కటై ఆ దండుని ఊరు దాటించిన్రు. ఆ ఊరి చర్చిల 1981ల చంపేసిన పాదిరి స్టాన్లీ రోథర్ గుండెని భద్రపరిచిన్రు, 2017ల ఆయనకి ధన్యుడు అని హోదా ఇచ్చిన్రు. భాష, బట్ట చూసి మనుషులని చంపిన కాలం దాటొచ్చి ఇంక అదే బట్ట కట్టుకుంటున్నరు. దాన్ని వేషం అనకు.

రాళ్లు_రప్పలు
"అంతరించిపోయారు" అన్నది వెనక్కి తీసుకుంటున్నా, 1697 సంగతి నాకూ తెలుసు, రాసేటప్పుడు పట్టించుకోలేదు. కానీ అటిట్లాన్ ఒడ్డున పానహచెల్ మెయిన్ బజారులో అమ్మే సరుకులో సగం ఫ్యాక్టరీదే, దాని మీద నా మాట మారదు.

చిటికి_మగ్గం (భూదాన్ పోచంపల్లి)
సరుకు సంగతి వచ్చింది కాబట్టి నేను దూరుతున్న. మాది మగ్గం ఇల్లు, నేను ఇప్పుడు న్యూజెర్సీల సాఫ్ట్‌వేర్. అక్కడ ఆడవాళ్లు తొడిగే రవికెని గ్విపిల్ అంటరు, నడుముకి తోలు పట్టీ కట్టుకుని, రెండో కొన చెట్టుకో గుంజకో కట్టి, మోకాళ్ల మీద కూర్చుని నేస్తరు. పడుగు బిగువంతా నడుముతోనే, ముందుకు వంగితే వదులు, వెనక్కి వాలితే బిగువు. పూలూ పిట్టలూ ముద్రించినవి కావు, కుట్టినవి కూడ కావు, నేసేటప్పుడే పేకకి తోడు ఇంకో రంగు దారం వేలితో ఎక్కిస్తరు. ఒక మంచి గ్విపిల్‌కి నెలలు పడతది. తిరగేసి చూడండి, వెనకవైపు దారాలు ఎట్లున్నయో చూస్తే చేతిదా మెషీన్‌దా తెలిసిపోతది.

కింద చుట్టుకునే కోర్తే అనే బట్ట చూసినప్పుడైతే నాకు నోట మాట రాలే. దాని మీద హస్పే అని ఒక పని ఉంటది, నూలుని ముందే కట్లు కట్టి రంగుల ముంచి తర్వాత నేసుడు. అచ్చం మన చిటికి (ఇక్కత్) పనే, అంచులు కొంచెం మసకగ పాకుడు కూడ అదే. షెలా పక్కన సాల్కహా అనే ఊర్ల వీధి పొడుగునా నూలు సాగదీసి కట్లు కడుతుంటరు. వాళ్లకి నాకు భాష రాదు, ఫోన్ల మా నాయిన ఆసు పోసే వీడియో చూపిస్తే ఇద్దరు పనాపి వచ్చి కూసున్నరు, కట్టు ఎక్కడెక్కడ పడుతుందో వేలు పెట్టి చూపెట్టిన్రు. బేరం మాత్రం సగానికి సగం ఆడకండి. అటిట్లాన్ ఒడ్డున సాన్ హువాన్ లా లగూనాల ఆడవాళ్ల సంఘాలు ఉన్నయి, ఆకులు, చెక్కలు, పురుగులతోని రంగు తీసుడు చూపిస్తరు, నేసినామె పేరు చీటీ మీద ఉంటది, అక్కడ కొనుక్కోండి.

గోదారి_గాలి
ఈ పోస్టు చదివాక అటిట్లాన్‌కి ఇంకో రోజు కలిపేశాను. సరస్సు మీద ఊళ్ల మధ్య ఎలా తిరగాలి? ఫోటోలు తీసుకోనిస్తారా?

ఓరుగల్లు_పిల్ల
లాంచాలు అని చిన్న మోటారు పడవలు, పానహచెల్ నుంచి ప్రతి ఊరికి. పొద్దున పూట తిరుగు, నీళ్లు అద్దం లెక్క ఉంటయి. మధ్యాహ్నం దాటంగ షోకోమిల్ అని గాలి లేస్తది, పడవ ముందుభాగంల కూసున్నవంటే నడుములు ఇరుగుతయి, వెనక కూసో, సంచి మీద కవర్ కప్పు. సాయంత్రం ఐదు దాటితే పడవలు తక్కువ. ఛార్జీ ఎక్కే ముందు కాదు, పక్కన లోకల్ వాళ్లు ఎంతిస్తున్నరో చూసి దిగేటప్పుడు ఇయ్యి, టూరిస్టు రేటు కొంత ఎక్కువే ఉంటది, దానికి కొట్లాడకు. దిగినంక ఆటోలే, బజాజ్ ఆటోలు, మనవే. వాటిని టుక్‌టుక్ అంటరు.

ఫోటోల గురించి: అడిగి తీయి. చిచికాస్తెనాంగోల సంత గురువారం, ఆదివారం. సాంతో తోమాస్ చర్చి మెట్ల మీద ధూపం డబ్బాలు ఊపుకుంట పూలమ్మే ఆడవాళ్లు కూసుంటరు, పాత మాయా గుడి తిన్నె మీదనే 1540 ప్రాంతంల ఆ చర్చి కట్టిన్రు. ముందు మెట్లు వాళ్ల పూజలకే, నువ్వు పక్క తలుపు నుంచి పో. లోపల నేల మీద కొవ్వొత్తులు, పూరేకులు, మందు చుక్కలు పెట్టి మొక్కుతుంటరు, ఫోటో తియ్యొద్దు, అస్సలు. సాన్తియాగోల మషిమోన్ అనే దేవుని బొమ్మ ఉంటది, ఏటేటా ఒక్కొక్క ఇంటికి మారుతడు, నోట్లె చుట్ట, ముందర సారా సీసాలు, మెడల పట్టు రుమాళ్లు. అక్కడ చిన్న ఫీజు ఇస్తే తీసుకోనిస్తరు. మన ఊర్ల పోతరాజుకి కల్లు పోసినోళ్లకి ఇది వింత అనిపించదు.

చలిమంట
అకతెనాంగో మీద ఎవ్వరూ రాయలేదేంటి, నేను రాస్తా. శిఖరం 3,976 మీటర్లు, నడక లా సోలెదాద్ ఊరి దగ్గర 2,400 దగ్గర్లో మొదలు, బేస్ క్యాంపు 3,600 ప్రాంతం. మొదటి గంట గంటన్నరే చచ్చేంత, మొక్కజొన్న చేల మధ్య వదులు బూడిద, ఒక అడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది, చాలా మంది అక్కడే గుర్రం మాట్లాడుకుంటారు. తర్వాత మబ్బుల అడవి, ఆ పైన పైన్ చెట్లు, నయం. రాత్రి ఎదురుగా ఫ్వేగో అనే ఇంకో అగ్నిపర్వతం పావుగంటకో అరగంటకో ఒకసారి ఎర్రగా ఉమ్ముతుంది, వెలుగు ముందు కనిపిస్తుంది, చప్పుడు కాసేపాగి గుండెల మీద పడుతుంది. ఒక్కోసారి రోజుల తరబడి ఊరుకుంటుంది కూడా, టూర్ వాళ్లు దానికి డబ్బులు వాపసివ్వరు.

జనవరిలో వెళ్తున్నావు కాబట్టి గట్టిగా చెప్తున్నా: చలి. 2017 జనవరి మొదట్లో అదే కొండ మీద చలికి తట్టుకోలేక ఆరుగురు చనిపోయారు, అందరూ ఆ దేశం వాళ్లే. గైడు లేకుండా, పల్చటి జాకెట్లతో పోవద్దు. చెమట పట్టిన బనీను పైకి చేరగానే మార్చెయ్. ఆంటిగ్వాలో కనీసం రెండు రాత్రులు ఉన్నాకే ఎక్కు, ఆంటిగ్వానే 1,500 మీటర్లు, కాస్త అలవాటవుతుంది. ఫ్వేగో మెడ మీదికి తీసుకెళ్లే ఎక్స్‌ట్రా నడక అమ్ముతారు, నేనైతే వద్దంటా. 2018 జూన్ 3న అదే కొండ పేలి సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే ఊరు వేడి బూడిద కింద పూడిపోయింది, వందల మంది పోయారు. 2025 మార్చిలో మళ్లీ పేలితే చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. కోన్‌రెద్ అని వాళ్ల విపత్తు సంస్థ, వాళ్ల పేజీ చూసి వెళ్లండి. మోకాళ్లు బాగోకపోతే పకాయా అనే చిన్న అగ్నిపర్వతం ఎక్కి వచ్చెయ్యి, 2,552 మీటర్లే, సగం రోజు పని.

నల్లమల_నడక
సెముక్ చాంపే గురించి ఒక్కమాట, వెళ్లేటట్టయితే. కాహబోన్ నది మొత్తం ఒక సున్నపురాతి వంతెన కిందికి దూరిపోతుంది, ఆ వంతెన పైన, 300 మీటర్ల పొడుగునా, మెట్లు మెట్లుగా ఆకుపచ్చ నీటి మడుగులు. లాంకీన్ నుంచి పికప్ వెనక నిలబడి పోవాలి, 11 కిలోమీటర్లే గానీ ఒళ్లు హూనం. ఆ చుట్టుపక్కల ఆల్తా వెరాపాస్ కొండల్లో ఏలకుల తోటలుంటాయి, దారిలో ఆరబెట్టే బట్టీల దగ్గర వ్యాన్ కిటికీ తెరిస్తే పాయసం గుర్తొస్తుంది. ప్రపంచంలో ఏలకులు అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసేది గ్వాటెమాలానే, ఇండియా కాదు. జర్మన్ తోటల యజమాని ఒకాయన వందేళ్ల కిందట మొదలెట్టాడు. పండించే కెచ్చీ వాళ్లు మాత్రం వంటలో పెద్దగా వాడరు, మొత్తం అరబ్బు దేశాల కాఫీకే. టీలో వేసి ఇస్తే మా డ్రైవరు మొహం చిట్లించాడు.

గోదారి_గాలి
ఫైనల్‌గా ఇలా మార్చాను. ఆంటిగ్వా మూడు రాత్రులు, పొద్దున పూట స్పానిష్ క్లాసులు, తర్వాత అకతెనాంగో (ఫ్వేగో ఎక్స్‌ట్రా లేదు), అటిట్లాన్ నాలుగు రాత్రులు, మధ్యలో గురువారం చిచికాస్తెనాంగో, గ్వాటెమాలా సిటీ నుంచి ఫ్లోరెస్‌కి విమానం, టికాల్ లోపల ఒక రాత్రి, యాష్‌హా, మళ్లీ విమానంలో వెనక్కి. సెముక్ మనసుకి కష్టంగానే ఉంది గానీ రోడ్డు మీద రెండు పగళ్లు పెట్టలేను. డైరెక్ట్ టికెట్ కొనేశాను. రూమ్మేటు మెక్సికోలోని మెరిదా పోతోంది, ఉష్మల్ చూసి ఫోటోలు పెట్టి నన్ను ఏడిపిస్తుందట.

హైవే75_బాబాయి (ప్లేనో)
మంచి పని చేశావమ్మా. ఐ-797 ఒరిజినల్, ఈ మధ్య పే స్టబ్బులు రెండు, సంచిలో కాదు, ఒంటి మీద.

రాళ్లు_రప్పలు
యాష్‌హాలో సాయంత్రం దాకా ఉండు, 216వ నంబరు కట్టడం ఎక్కితే రెండు సరస్సులు కనిపిస్తాయి. ఫ్లోరెస్‌లో నోట్లు చేతికొచ్చినప్పుడు పై మూల చూడు, చుక్కలు గీతలతో మాయా అంకెలు వేసి ఉంటాయి. చుక్క ఒకటి, గీత ఐదు. ఇరవైకి ఇంకో వరస మొదలవుతుంది, దాని కింద సున్నాకి గవ్వ బొమ్మ.

గోదారి_గాలి
ఆఖరి డౌటు: అకతెనాంగోకి జాకెట్టు, బూట్లు అక్కడే అద్దెకి దొరుకుతాయా? నేను ఐదడుగులే, సైజులు ఉంటాయా?

చలిమంట
జాకెట్టు, గ్లౌజులు, టోపీ, చేతికర్ర ఏజెన్సీ వాళ్లే ఇస్తారు, చిన్న సైజులు బోలెడు. జిప్పులు పనిచేస్తున్నాయో లేదో అక్కడే వేసి తీసి చూడు, తీరా పైకెళ్లాక తెలిస్తే లాభం లేదు. బూట్లు మాత్రం నీవే తీసుకెళ్లు, డల్లాస్‌లోనే నాలుగు రోజులు వేసుకుని తిరిగి అలవాటు చెయ్. దిగేటప్పుడు బూడిద మడమ దాకా దిగబడి బూట్లోకి పోతుంది, చీలమండకి కట్టుకునే గేటర్స్ కొనుక్కో, ఇరవై డాలర్లే. హెడ్‌ల్యాంపుకి కొత్త బ్యాటరీలు.